పల్లి మిల్లు గోడ మీది నాయకుడు

కొత్తకోటలో ఎవరినైనా ఆపి "పెయింటర్ సర్దార్ ఇల్లెక్కడ?" అని అడగండి. దారి చెప్పేముందు వాళ్లే మిమ్మల్ని ఒక మాట అడుగుతారు. "రాయించుకోవాల్నా, తుడిపించుకోవాల్నా?"

ఎందుకంటే మా సర్దార్ రెండూ చేస్తాడు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయంటే ఊరి గోడల మీద నాయకుల ముఖాలు వేస్తాడు. ఎన్నికల కోడ్ వచ్చిందని తెలియగానే సున్నం బకెట్ పట్టుకుని అవే ముఖాలను మాయం చేస్తాడు. వేయించేది పార్టీల వాళ్లు, తుడిపించేది సర్కారు వాళ్లు. నలభై మూడేళ్లుగా ఇదే పని. వేసిన బొమ్మ నిలిచిందని అతను ఎన్నడూ మురిసిపోలేదు, తుడిచినందుకు ఎన్నడూ దిగులు పడలేదు. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

నా పేరు సునీల్. హైవే పక్కన నాకొక స్టేషనరీ దుకాణం ఉంది. నోటు పుస్తకాలు, పెన్నులు, జిరాక్సు. రోడ్డుకు అవతల మూతపడ్డ పల్లి మిల్లు, దానికొక పొడుగాటి గోడ. గిరాకీ లేనప్పుడు నేను చూసేది ఆ గోడనే. అక్కడ ఎంతమంది నాయకులు వచ్చారో, ఎంతమంది సున్నం కిందికి పోయారో నన్నడిగితే వరుసగా చెబుతాను. ఆ గోడ మందం నాలుగు వేళ్లు పెరిగి ఉంటుందని నా అనుమానం.

సర్దార్‌కు పని నేర్పింది బక్కయ్య. సర్దార్ ఆయన్ను ఉస్తాద్ అనేవాడు. మేమంతా పెయింటర్ బక్కయ్య అనేవాళ్లం. నాకు ఆయన గుర్తున్నాడంటే నిజానికి గుర్తున్నది ఆయన వీపు. చెమటతో తడిసిన బనియన్, మెడ మీద తువ్వాల, నిచ్చెన పైమెట్టు మీద రెండు కాళ్లు. ఊళ్లో ఆయన రాయని గోడ లేదు. ఆయన్ను లోపలికి పిలిచి కూర్చోమన్న ఇళ్లు మాత్రం చాలా తక్కువ. ఊరి చివరి వాడకట్టు మనిషి కదా, మా నాయిన కూడా ఆయనకు చాయ్ బయటికే పంపేవాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సర్దార్ ఇల్లు అలాంటిది కాదు. సర్దార్ పదిహేనో ఏట నిచ్చెన పట్టుకోవడానికి చేరాడు. తర్వాత పెళ్లయింది. అతని భార్య ఖాతూన్ బక్కయ్యను వంటింటి గడప దగ్గర పీట వేసి కూర్చోబెట్టి అన్నం పెట్టేది. బక్కయ్య పని నేర్పుతూ ఒక నియమం పెట్టాడు. బొమ్మ వేసేటప్పుడు కళ్లు ఆఖరున వేయాలి. తుడిచేటప్పుడు మొదట కళ్లే తుడవాలి.

ఎందుకని నేనొకసారి సర్దార్‌ను అడిగాను.

"ముందుగాల కండ్లేస్తె ఆయినె నిన్నే చూసుకుంట కూసుంటడు సేటు. పని సాగది. తుడిసేటప్పుడు గూడ గంతే. మనిషి చూస్తుంటె మొఖం మీద సున్నం ఎట్ల కొడ్తం?"

ఫ్లెక్సీలు వచ్చాక ముఖాలు వేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. పల్లెల్లో అక్కడక్కడా గోడలు, పార్టీల గుర్తులు, నినాదాలు మిగిలాయి. తుడుపు పని మాత్రం పోలేదు. సర్దార్ నవ్వుతూ అనేవాడు, "ఫ్లెక్సోనికి చింపుడే ఎర్క. తుడుసుడు మనదే." అలా అన్నప్పుడు పైకి నవ్వేవాడే గానీ, జేబులో ఎప్పుడూ ఒక సన్నబ్రష్షు ఉండేది. కళ్లు వేసే బ్రష్షు అది. సున్నం కొట్టే మనిషికి ఆ బ్రష్షుతో పనేముంది?

రెండు వేల ఇరవై మూడు, సద్దుల బతుకమ్మకు ఇంకా మూడు వారాలు ఉందనగా హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు కోమల. సొంతూరు కట్టంగూర్. బొమ్మల కాలేజీలో పాఠాలు చెబుతుంది, సొంతంగా ప్రదర్శనలు పెడుతుంది. నా దుకాణంలోనే కూర్చుని సర్దార్‌కు తన ఆలోచన చెప్పింది. పది ఊళ్లలో పదిమంది గోడ పెయింటర్లు. ఒక్కొక్కరు ఒక్కొక్క నాయకుడి బొమ్మ వేయాలి. కానీ ఫొటో చూడకూడదు. ఫలానా నాయకుడు అని అనుకోకూడదు. పార్టీ రంగు వాడకూడదు. నలభై ఏళ్లు నాయకుల్ని వేసిన చెయ్యి, ఎదురుగా ఫొటో లేకపోతే ఎవరిని వేస్తుందో చూడాలి. అదీ ఆమె ప్రదర్శన.

సర్దార్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"గిదేం ఆర్ట్ బిడ్డా?"

"దీంట్ల బొమ్మకంటె ఆలోచన ముఖ్యం చాచా. ఆలోచనే ఆర్ట్."

"ఆలోచన నీ దగ్గరనే ఉండె గదా. ఇంక నాతోటేం పని?"

కోమల పకపకా నవ్వింది. "చెయ్యి మీ దగ్గర ఉన్నది గదా చాచా."

ఆ మాటతో సర్దార్ పడిపోయాడు. నా ఎదురుగా జేబులోంచి సన్నబ్రష్షు తీసి, లుంగీకి తుడిచి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మిల్లు యజమాని ఒప్పుకున్నాడు. మూడు రోజులు పట్టింది. నేను బేరాలు వదిలేసి చూశాను. ఎప్పుడూ ఫొటో మీద గళ్లు గీసి, గోడ మీద గళ్లు గీసి, లెక్క ప్రకారం వేసే మనిషి, ఈసారి బొగ్గుముక్కతో నేరుగా గీసేశాడు. తెల్లచొక్కా, తెల్లకండువా, జోడించిన చేతులు. నాయకుడికి కావలసిన సరంజామా అంతా ఉంది. నెరిసిన మీసం, కాస్త లోపలికి పోయిన బుగ్గలు. మూడో రోజు సాయంత్రం కళ్లు వేసి దిగాడు.

కోమల ఫొటోలు తీస్తూ ఆగింది. "చాచా, లీడర్లందరు పైకో, దూరానికో చూస్తుంటరు. ఈయన కిందికెందుకు చూస్తుండు?"

"ఏమో బిడ్డా, చెయ్యికి గట్ల వచ్చింది."

"ఎవరీయన?"

"ఎవ్వరు కాదు. ఎవ్వలో ఒక లీడర్."

ఆమె సంతోషంగా వెళ్లిపోయింది. ఇక ఊళ్లో మొదలైంది గోల. ఒక పార్టీ వాళ్లు వచ్చి మా నాయకుడు మీసానికి రంగు వేయకముందు అచ్చం ఇలాగే ఉండేవాడన్నారు. ఇంకో పార్టీ వాళ్లు ఆ మీసం మాదేనన్నారు. మాజీ సర్పంచు గుర్వయ్య అయితే ఆ బొమ్మ తనదేనని నమ్మి, దువ్వెన కొనడానికి నా దుకాణానికి వచ్చి, తల దువ్వుకుని, గోడ పక్కన నిలబడి ఫొటో దిగాడు. "సర్దార్‌కు మనమంటె పానం సునీలూ, చెప్పకుండనే ఏసిండు" అన్నాడు. నేను కాదనలేదు. దువ్వెన అమ్ముడుపోయింది కదా.

సర్దార్ మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి గోడకు ఎదురుగా కాసేపు నిలబడేవాడు. ఇంతకు ముందు ఏ బొమ్మ దగ్గరా అలా నిలబడింది లేదు. ఒకరోజు మెల్లగా అన్నాడు, "సేటూ, గీనె నా సొంతం."

బొమ్మ పూర్తయిన అయిదో రోజు ఎన్నికల కోడ్ వచ్చింది.

అప్పుడిక ఒక్కో పార్టీ ఒక్కో ఫిర్యాదు ఇచ్చింది. నిన్నటిదాకా మావాడే అన్నవాళ్లంతా ఇప్పుడు ఆ బొమ్మ అవతలి పార్టీ నాయకుడిదని రాసిచ్చారు. విచారించడానికి పరశురాం సారు వచ్చాడు. పక్క మండలంలో లెక్కల టీచరు, పాపం, ఎన్నికల డ్యూటీ పడింది. చంకలో ఫైలు, ముఖం నిండా చెమట. వెంట పిలిపించుకున్నది ఎవర్ని? తుడుపు పనికి ఊళ్లో ఉన్న ఒక్కగానొక్క మనిషి, సర్దార్‌ను.

"ఈయన ఎవరు?" అన్నాడు పరశురాం సారు.

"ఎవ్వరు కాదు సార్."

"ఎవ్వరు కాకుంటె దండమెందుకు పెడ్తుండు?"

సర్దార్ నా దుకాణం వైపు చూశాడు. నేను రోడ్డు దాటి వెళ్లి కోమల ప్రదర్శన సంగతి చెప్పబోయాను. ఆలోచనే ఆర్ట్ అని నేను చెబుతుంటే నాకే నమ్మకం కుదరలేదు.

"అన్నా, నా ఫారంల కాలమ్‌లు ఉన్నయి. నాయకుని పేరు, పార్టీ, బొమ్మ పొడుగు, ఎడల్పు. పొడుగు, ఎడల్పు నేను కొలుస్త. మిగిలిన రెండు మీరు చెప్పుర్రి. చెప్పకుంటె నాకు మెమో వస్తది. సాయంత్రం లోపల తుడిపెయ్యి సర్దార్ భాయ్."

పరశురాం సారును తప్పుపట్టలేం. అతను టేపుతో బొమ్మ ఎత్తు కొలుస్తూ, నాయకుడి పాదాల దగ్గరకు వచ్చేసరికి మర్యాదగా చెప్పులు కూడా విడిచాడు.

సర్దార్ సున్నం కలిపాడు. నిచ్చెన వేశాడు. పెద్దబ్రష్షు ముంచి పైకెక్కాడు. నియమం ప్రకారం మొదట కళ్లు. బ్రష్షు కంటికి జానెడు దూరం దాకా వెళ్లి ఆగిపోయింది. సున్నం మోచేతి మీదుగా కారింది. దిగాడు. నీళ్లు తాగి మళ్లీ ఎక్కాడు. మళ్లీ అదే. వేల కళ్లు మూసిన చెయ్యి, గడియారం ఆగినట్టు ఆగిపోయింది.

"ఏమైంది సర్దార్ భాయ్?" అన్నాను.

నిచ్చెన కిందిమెట్టు మీద కూలబడ్డాడు. "చెయ్యి పోతలేదు సేటు. కడమ లీడర్లది వేరే. ఫొటో చూసి ఏసినోణ్ని తుడిస్తె, ఫొటో ఉంటది. మనిషి ఉంటడు. గీనెను తుడిస్తె ఇంక యాడుంటడు చెప్పు?"

కోమలకు ఫోన్ చేయమన్నాను. చేశాడు. అటువైపు నుంచి ఆమె ఉత్సాహంగా ఏదో చెప్పింది. సర్దార్ ముఖం ఎర్రబడింది. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు.

"తుడిసినా ఆర్టేనట! తుడుపు గూడ ఆలోచనల భాగమేనట! తుడిసేటప్పుడు ఫొటోలు తియ్యమంటాంది. గీ చదువుకున్నోళ్లకు అడ్డమేసినా నిలువేసినా ఆర్టే."

బాధలో కూడా నాకు నవ్వాగలేదు. నన్ను చూసి పరశురాం సారు నవ్వాడు. సర్దార్ మాత్రం నవ్వలేదు.

అప్పుడే ఖాతూన్ టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. ఇంట్లో కుట్టుమిషన్ పనితో ఊపిరాడని మనిషి, బొమ్మ వేసినప్పటి నుంచి హైవే దిక్కు వచ్చింది లేదు. మధ్యాహ్నం దాటినా మొగుడు ఇంటికి రాలేదని తానే బయలుదేరింది. వస్తూనే ఏదో తిట్టబోయి, తలెత్తి గోడ చూసింది. డబ్బా కింద పెట్టేసింది.

"యా అల్లా! గీయిన ఉస్తాద్ గదా!"

సర్దార్ లేచి నిలబడ్డాడు.

"ఎడమ కనుబొమ్మ చూడుర్రి. నడుమ గాటు లేదా? నిచ్చెన మీదికెల్లి పడ్డనాడు నెత్తురు కారుకుంట మా ఇంటికి వస్తె పసుపు పెట్టింది నేనే. ముప్పై ఏండ్లు వెంబడి తిరిగినవు, నువ్వే ఏసినవు, నీకే ఎర్కలేదా?"

సర్దార్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకో రెండు వేశాడు. హైవే మీదికి పోతాడేమోనని నేను చెయ్యి పట్టుకున్నాను. అతను బొమ్మను కాదు, బొమ్మ చూపును చూస్తున్నాడు.

"నేను ఎన్నడు జూసినా నిచ్చెన కిందికెల్లే జూసిన సేటు. రంగు అందియ్యమంటె గిట్లనే కిందికి జూసెటోడు." ఆ మాట అని బావురుమన్నాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, నడిరోడ్డు పక్కన, సున్నం చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. చేతులు తీసేసరికి గడ్డమంతా తెల్లబడింది.

ఊళ్లో మిగతా ఎవరూ గుర్తుపట్టలేదంటే వింతేమీ లేదు. ఊరంతా చూసింది ఆయన వీపునే.

పరశురాం సారు కూడా కదిలిపోయాడు గానీ, లెక్కల టీచరు కదా, రుజువు అడిగాడు. "అక్క చెప్పింది నిజమే గావచ్చు. కని నేను ఫారంల ఏం రాయాలె? ఆధారం ఏదన్న ఉన్నదా? ఫొటో?"

ఫొటో లేదు. పధ్నాలుగేళ్ల కింద బక్కయ్య పోయినప్పుడు ఇంట్లో పెట్టుకోవడానికి ఒక్క ఫొటో కూడా దొరకలేదని సర్దార్ చెప్పాడు. ఊరి ముఖాలన్నీ వేసినవాడి ముఖం ఎక్కడా లేదు. ఖాతూన్ మాత్రం ఆటో పిలిచింది. "మీరందరు ఈడనే ఉండుర్రి. బ్రష్షు ముట్టకుర్రి" అని హుకుం జారీ చేసి వెళ్లింది.

ముప్పావుగంటలో బక్కయ్య భార్య బిక్షమ్మను దింపింది. డెబ్బై అయిదేళ్ల ముసలమ్మ, మోకాళ్ల నొప్పులతో వాడకట్టు దాటి రావడం మానేసి చాలా కాలమైంది. కొంగున ముడి విప్పి ఒక ఓటరు కార్డు తీసింది. పరశురాం సారు కార్డును కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు, ఎండకు పట్టుకున్నాడు. ఓటరు కార్డు ఫొటో ఎలా ఉంటుందో మీకు తెలుసు. అందులో ఉన్నది బక్కయ్యే కావచ్చు, గుర్వయ్యా కావచ్చు, నేనైనా కావచ్చు. ఎడమ కనుబొమ్మ నడుమ గాటు మాత్రం తెల్లటి గీతలా పడింది.

"గాటు ఉన్నది" అని పరశురాం సారు ప్రకటించాడు. వెంటనే డ్యూటీ గుర్తొచ్చింది. "అవ్వా, మనిషి పోయినంక కార్డు వాపసు ఇయ్యాలె గదా?"

"మనిషిని ఇచ్చిన గదా నాయినా. కార్డు గూడ ఇయ్యాల్నా?"

సారు కార్డును రెండు చేతులతో తిరిగి ఇచ్చేశాడు.

బిక్షమ్మ ఇంకా గోడ వైపు సరిగ్గా చూడలేదు. ఖాతూన్ చెయ్యి పట్టుకుని నడిపించి ఎదురుగా నిలబెట్టింది. మేమంతా ముసలమ్మ ఏడుస్తుందనుకుని సిద్ధమయ్యాం. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, పై నుంచి కింది దాకా ఒకసారి పరిశీలించి, సర్దార్ మీద విరుచుకుపడింది.

"గా దండమేంది సర్దారూ? మా ఆయినె ఎన్నడన్న ఎవ్వనికన్న గిట్ల రెండు చేతులు జోడిచ్చి మొక్కిండా? దేవునికే ఒక్క చేత్తోటి మొక్కెటోడు, రెండో చేతిల బ్రష్షు ఉంటుండె. తియ్యి, గా చేతులు తియ్యి!"

"తీస్త అమ్మా."

"గంత తెల్ల అంగి ఎన్నడు తొడిగిండు? మచ్చల్లేని అంగి ఉండెనా ఆయినెకు?"

"కండువా గూడ తియ్యాల్నా అమ్మా?"

బిక్షమ్మ కాస్త ఆలోచించింది. "ఉండనీ. చెమట తుడుసుకుంటడు."

సర్దార్ నిచ్చెన ఎక్కాడు. ఈసారి చెయ్యి ఆగలేదు. జోడించిన చేతుల మీద సున్నం కొట్టాడు. కళ్లు ముట్టుకోకుండా తుడుపు పని మొదలుపెట్టడం అతని జీవితంలో అదే మొదలు. సున్నం ఆరాక కుడిచేతిలో బ్రష్షు, ఎడమచేతిలో రంగు డబ్బా వేశాడు. చొక్కా మీద పచ్చ, ఎరుపు, నీలం, గులాబీ, అన్ని రంగులూ చుక్కలుగా చిలకరించాడు. అప్పటికి అన్ని పార్టీల వాళ్లూ అక్కడ పోగయ్యారు, ఎవరి రంగు వాళ్లకు కనబడింది. గుర్వయ్య మాత్రం కొత్త దువ్వెన జేబులో పెట్టుకుని నెమ్మదిగా జారుకున్నాడు.

"పేరు గూడ రాయి భాయ్, నాకు కాలమ్ నిండుతది" అన్నాడు పరశురాం సారు. సర్దార్ జేబులోని సన్నబ్రష్షుతో కింద రాశాడు: బక్కయ్య, పెయింటర్. సారు తన ఫారంలో, పార్టీ అన్న చోట అడ్డగీత గీసి, చివరన ఇలా రాశాడు: "దండము తొలగించబడినది." ఆ కాగితం ఒక కాపీ నా దుకాణంలోనే జిరాక్సు తీశాడు కాబట్టి నేను చూశాను.

బిక్షమ్మ గోడ దగ్గరికి జరిగి దానితో మాట్లాడింది. "ఎప్పుడు జూసినా గోడ దిక్కే మొఖం పెట్టుకోని ఉంటుంటివి. ఇన్నాళ్లకు ఇటు దిక్కు తిరిగినవు."

నేను ఆమెను రోడ్డు దాటించి తీసుకెళ్లి దుకాణం లోపల నా కుర్చీలో కూర్చోబెట్టాను. చాయ్ తెప్పించాను. మా నాయిన బయటికి పంపిన చాయ్‌లన్నింటికీ అది చాలదని నాకు తెలుసు. చక్కెర తక్కువైందని ఆమె ఇంకో చెంచా వేయించుకుంది.

తర్వాత కోమల వచ్చి తప్పయిందని సర్దార్ చేతులు పట్టుకుంది. హైదరాబాదు ప్రదర్శనలో దండం ఉన్న ఫొటో, బ్రష్షు ఉన్న ఫొటో పక్కపక్కన పెట్టింది. సర్దార్, ఖాతూన్, బిక్షమ్మ కారులో వెళ్లి చూసొచ్చారు. అక్కడ ఎవరో పెద్దమనిషి, ఈ కళాఖండం అర్థమేమిటని బిక్షమ్మను అడిగాడట. "అర్థమేంది? నా మొగడు" అందట.

మార్చిలో లోక్‌సభ ఎన్నికల కోడ్ వచ్చింది. ఈసారి కొత్త అధికారి, కొత్త ఫైలు. సర్దార్‌ను వెంటబెట్టుకుని గోడలన్నీ చూపిస్తూ, తుడవమంటూ మిల్లు దగ్గరికి వచ్చాడు. బక్కయ్య ముందు ఆగి తలెత్తాడు.

"ఈయన ఏ పార్టీ?"

"అన్ని పార్టీలోళ్లను రాసిండు సార్. ఏ పార్టీ ఈయినెను రాయలే."

అధికారి పెన్ను మూత పెట్టి, ముందుకు నడిచాడు. సర్దార్ సున్నం బకెట్ ఎత్తుకుని, పోతూ పోతూ పైకి చూసి, ఎవరో రంగు అడిగినట్టు "ఆఁ, వస్తున్న ఉస్తాద్" అన్నాడు.